గాలీ కాదు, తల్లి తప్పూ కాదు

భద్రాచలం అడవి అంచు పల్లెల్లోనే కాదు, మన ఖమ్మం పట్నంలోనూ ఈడొచ్చిన పిల్ల తనలో తాను మాట్లాడుకుంటూ, ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడుతుంటే ఇరుగుపొరుగు రెండే మాటలంటారు. ఒకటి "గాలి సోకింది", రెండోది "తల్లి పెంపకం అట్లా ఉంది". ఈ రెండో మాట చదువుకున్న వాళ్లూ అన్నారు సుమండీ! 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మనోవైద్యురాలు స్కిజోఫ్రీనియాకు తల్లి తీరును కారణంగా చూపారు. ఎందరో తల్లులు ఆ నింద మోశారు. తర్వాతి పరిశోధనల ముందు ఆ మాట నిలవలేదు.

ఇది మెదడుకు సంబంధించిన జబ్బు. మెదడు పైపొర బూడిద రంగు, లోపలి భాగం తెలుపు. కరెంటు తీగకు తొడుగున్నట్టే అక్కడి నరాల పోగులకు కొవ్వు తొడుగు ఉంటుంది. ఆ తెలుపు దానిదే. మెదడులో ఒక భాగం కబురు ఇంకో భాగానికి ఈ తీగల మీదే చేరుతుంది.

పుర్రె తెరవకుండా వీటిని చూడడమెలా? చీపురుకట్ట మీద నీళ్లు పోస్తే పుల్లల వెంట జారతాయి గాని అడ్డంగా పోవు కదా! మెదడులోని నీరూ అంతే. ఆ కదలికను ఎమ్మారై యంత్రంతో కొలిచే పద్ధతి 1994లో వచ్చింది. 2018లో పలు దేశాల శాస్త్రజ్ఞులు 1963 మంది రోగుల చిత్రాలను, 2359 మంది ఆరోగ్యవంతుల చిత్రాలతో పోల్చారు. రోగుల్లో మెదడంతటా తీగల అమరిక కాస్త సడలినట్టు కనిపించింది. మెదడు కుడి ఎడమలను కలిపే వంతెనలో ఈ తేడా మరింత ఎక్కువ.

అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇది వందలమంది సగటు. ఒక్కరి ఫొటో చూసి ఈ జబ్బు ఉందనీ, లేదనీ చెప్పలేరు. అంచేత "స్కానింగులో ఏమీ లేదు, నటిస్తోంది" అని కోడల్ని పుట్టింటికి పంపకండి. కణితిలాంటివి లేవని తేల్చుకోవడానికి డాక్టరు స్కానింగు రాయవచ్చు. అసలు జబ్బును మాత్రం రోగితో, ఇంట్లోవాళ్లతో మాట్లాడే పోల్చుకుంటారు.

తాయెత్తులకని నెలలు గడపకండి. వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. నెమ్మదించింది కదా అని మందులు మీ అంతట మీరు ఆపకండి. 2022లో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులోనే సలహా చెబుతారు. ముందుగా ఆ తల్లిని నిందించడం మానుదాం. బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లే ధైర్యం ఆమెకు అప్పుడే వస్తుంది.