గిన్నెలో కనిపించనిది

డ్యూసెల్‌డార్ఫ్‌కు ఏదో పని మీద వెళ్ళిన మనవాళ్ళు ఆకలి వేయగానే వెతుక్కునేది ఇండియన్ రెస్టారెంటు. వద్దని నేననను. కాని ప్రధాన రైల్వే స్టేషన్‌కు ఎదురుగానే ఇమ్మర్‌మాన్‌స్ట్రాసె అనే వీధి మొదలవుతుంది. ఆ వీధిలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న ఓస్ట్‌స్ట్రాసెలోనూ ఉన్నన్ని జపనీయుల భోజనశాలలు జర్మనీలో మరెక్కడా ఒక్కచోట కనబడవు. మొన్న ఉగాదికి కలిసినప్పుడు ఇద్దరు ముగ్గురు మిత్రులు "డాక్టరు గారూ, అక్కడ మనం ఏం తినవచ్చు, ఏం తినకూడదు?" అని అడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు.

జపాన్ వాళ్ళు ఇక్కడికి వచ్చింది నూడుల్స్ అమ్మడానికి కాదు. యుద్ధం తరువాత దేశాన్ని తిరిగి కట్టుకోవడానికి వాళ్ళకు రూర్ ప్రాంతపు ఉక్కు, యంత్రాలు కావలసి వచ్చాయి. 1950లలో వ్యాపార సంస్థలు ఇక్కడ ఆఫీసులు తెరిచాయి, వెనుకనే కుటుంబాలు వచ్చాయి, 1971లో పిల్లలకు జపనీయుల బడి కూడా వచ్చింది. నేడు నగరంలో సుమారు ఎనిమిది వేలమంది జపనీయులున్నారు. ఇంటి రుచి ఎరిగినవాళ్ళు పక్కనే ఉన్నారు కాబట్టి వంటవాడు ఏమార్చలేడు. మిగతా ఊళ్ళలో చవకగా దొరికే సుషీకీ ఇక్కడి సుషీకీ తేడా అందుకే.

ముందు రామెన్ సంగతి. టకుమి, నానివా వంటి పేరున్న చోట్ల బయట వరుసలో నిలబడక తప్పదు. పెద్ద గిన్నెలో వేడి రసం, అందులో గోధుమ నూడుల్స్, పైన ఉల్లికాడలు, సగం కోసిన గుడ్డు, మాంసపు ముక్కలు. మనవాళ్ళు చేసే పని ఏమిటంటే, "ఆ ముక్కలు తీసేసి ఇవ్వండి" అని చెప్పి నిశ్చింతగా కూర్చోవడం. అసలు విషయం పైన లేదు, అడుగున ఉంది. టొంకొత్సు అనే రసం పాలలా తెల్లగా ఉంటుంది. అందులో పాలు లేవు. పంది ఎముకలను గంటల తరబడి మరిగిస్తే వచ్చే తెలుపది. కోడి ఎముకలతోనూ అలాంటి తెల్లని రసం చేస్తారు. కాబట్టి రంగు చూసి ఏదీ తేల్చలేము.

కూరగాయల రామెన్ అన్నంత మాత్రాన కూడా సరిపోదు. జపాన్ వంటకు మూలం దాషి అనే నీళ్ళ రసం. మామూలుగా అది కొంబు అనే సముద్రపు పాచితోనూ, ఎండబెట్టిన బొనీటో చేప తురుముతోనూ కాస్తారు. (ఆ కొంబులోని రుచికి కారణం గ్లుటమేట్ అని 1908లో ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టాడు. మన చైనీస్ బండ్లమీది అజినొమోటో పుట్టింది అక్కడే.) మిసో సూపులోనూ దాషి ఉంటుంది. ఇనారి అనే తీపి టోఫు సంచిని చూస్తే శుద్ధ శాకాహారమే అనిపిస్తుంది, దాన్ని కూడా తరచు అందులోనే ఉడికిస్తారు.

మా అత్తగారు మూడు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు ఇది మాకు నిజంగా ముఖ్యమైంది. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. అలాగని ఆవిడను ఇంట్లో కూర్చోబెట్టి మేము తినిరావడం మాకు ఇష్టం లేదు. వడ్డించే అమ్మాయిని "రసంలో మాంసం, చేప రెండూ లేకుండా ఉందా?" అని అడిగాము. ఆమె తెలియకుండా తల ఊపలేదు. వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వచ్చి, కూరగాయల రామెన్‌లో కూడా చేప ఉందని చెప్పింది. అత్తగారికి దోసకాయ పెట్టిన కప్పామాకి, ఉప్పు చల్లి ఉడికించిన పచ్చి సోయా కాయలు తెప్పించాము. కాయలు మన ఉడికించిన కందికాయల్లాగే ఒలుచుకు తిన్నారు. సుషీ అన్నం నోట్లో పెట్టుకుని, "పులిహోర చేయబోయి తాలింపు మరిచిపోయినట్టున్నారు" అన్నారు. అన్నంలో సిర్కా, చక్కెర, ఉప్పు కలుపుతారు కనుక ఆవిడ చెప్పింది మరీ దూరం కాదు. షుగరు ఉన్నవాళ్ళు ఆ చక్కెరను, తెల్లన్నాన్ని లెక్కలో వేసుకోవాలి.

ఇక చేప తినేవారికి. పచ్చిచేప అంటే భయపడనక్కరలేదు. పురుగుల భయం ఉన్న చేపను పచ్చిగా వడ్డించే ముందు మైనస్ 20 డిగ్రీల వద్ద కనీసం 24 గంటలు గడ్డకట్టించి ఉంచాలని యూరోపియన్ నియమం. పెంపకపు సాల్మన్‌కు షరతుల మీద మినహాయింపు ఉంది. అయితే గడ్డకట్టిస్తే పురుగు చస్తుంది గాని సూక్ష్మజీవులన్నీ చావవు. గర్భిణులు, చిన్నపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు పచ్చిచేప జోలికి పోవద్దు. వాళ్ళకు దోసకాయ చుట్టలు, గుడ్డు పెట్టినవి ఉన్నాయి.

నాకు ఎక్కువ బెంగ ఉప్పుతోనే. రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్క రామెన్ గిన్నె అడుగంటా తాగితే ఆ లెక్క దాటిపోవచ్చు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో రెండు గ్రాములకు పైనే ఉంటుంది. మనలో రక్తపోటు మాత్ర మింగుతున్నవారు తక్కువమందేమీ కాదు. నూడుల్స్, కూరలు తినండి, రసం సగానికి పైగా గిన్నెలోనే వదిలేయండి. చారు చివరి బొట్టు వరకు తాగే అలవాటున్న మనకు అది కష్టమే. అక్కడ వదిలేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

పిల్లలకు మాత్రం ఆ చోటు పండుగే. నూడుల్స్‌ను చప్పుడు చేస్తూ జుర్రుకోవడం జపాన్‌లో తప్పు కాదు. మా అబ్బాయి ఆ మాట విన్నాక, కిండర్‌గార్టెన్‌లో నేర్పిన బల్ల దగ్గరి మర్యాదంతా ఒక్క గిన్నెతో మరిచిపోయాడు.