ప్రాణవాయువు పగయగు వేళ

ఇన్సులిను సూదిమందుపై ఆధారపడిన పండ్రెండేండ్ల కుమారునకు ఉసిరికాయ రసమును, విటమిను మాత్రలను ఇచ్చినచో కన్నులును మూత్రపిండములును చెడకుండునా యని తణుకునుండి యొక తల్లి వ్రాసి యడిగిన ప్రశ్న, చూచుటకు చిన్నదే యైనను, జీవరసాయన శాస్త్రమున మిక్కిలి మనోహరమగు నొక ఘట్టమునకు దారి చూపుచున్నది.

టైప్-1 మధుమేహమున శరీరరక్షక కణములే క్లోమమునందలి బీటాకణములను నాశనము చేయుటచే ఇన్సులిను కఱవై, రక్తమున చక్కెర పెరుగును. ఇంతవరకు నందఱెఱిగినదే. ఆ చక్కెర కణమును గాయపఱచు తీరే విచిత్రము.

కండరము కదలుటకు వలయు శక్తిని ఎ.టి.పి. యను పదార్థము మోయును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కుతో కూడి, జర్మనీలో లోమాను వేఱుగను, 1929లో దానిని కనుగొనిరి. దానిని నిర్మించు తావు మైటోకాండ్రియా. అన్నమునుండి వచ్చిన ఎలక్ట్రానులు అందలి ప్రోటీనుల వరుసమీదుగా దిగి, తుదకు ప్రాణవాయువును చేరగా నీరేర్పడును. ఆ దిగుటలో వెలువడు శక్తిచే పొర కొకవైపున ప్రోటానులు పోగుపడును. ఆ పోగే ఎ.టి.పి.ని పుట్టించును.

రక్తమున చక్కెర మిక్కుటమైనపుడు పెక్కు కణములు దాని రాకను తగ్గించుకొనును. రక్తనాళముల లోపొరకును, మూత్రపిండములకును, నరములకును చెందిన కొన్ని కణములకు మాత్రము ఆ నేర్పు లేదు. వానిలో చక్కెర నిండి, ప్రోటానుల పోగు హద్దుమీఱినంతనే, దిగువ లాకు మూసిన ధవళేశ్వరపు కాలువలో నీరు ఎగదన్ని గట్టునకు గండి కొట్టినట్లు, ఎలక్ట్రానులు నడుమనే నిలిచిపోయి, ఒక్కొక్కటిగా ప్రాణవాయువునంటి దానిని సూపరాక్సైడుగా మార్చును. అది జన్యుపదార్థమును గాయపఱచగా, ఆ గాయమును మాన్పబూనిన ఎంజైమే చక్కెరను దహించు మార్గమున నొక మెట్టును స్తంభింపజేయును. అంతకు పైమెట్లలో పేరుకొన్న పదార్థములు పెడదారులు పట్టి నాళములను చెఱచును. మధుమేహపు నానావిధ హానులకు మూలమిదియే యని 2001లో మైఖేల్ బ్రౌన్లీ ప్రతిపాదించెను. ఎంత సుందరమైన ఏకీకరణము!

సూపరాక్సైడును అణచు ఎంజైము మన రక్తమునందే యున్నది. 1938లో మానును కీలినును దానిని వేఱుచేసినను, చాలకాలము పండితులు దానిని రాగిని దాచు ప్రోటీనుగనే భావించిరి. 1969లో మెక్‌కార్డు, ఫ్రిడోవిచ్ అను వారలు దాని నిజమైన పనిని కనుగొనిరి. యాంటీఆక్సిడెంటు మాత్రలలోని విటమిను-ఇ అణువు తన ఎలక్ట్రాను నొసగి తాను వ్యయమగును. ఎంజైమో, వ్యయము కాకయే క్షణమునకు వేలకొలది అణువుల నణచును. ఈ భేదమును గమనింపకయే మాత్రలపై ఆశలు పెట్టుకొన్నవారు పెక్కురు. సుమారు 9,500 మంది పెద్దలపై జరిగి 2000లో వెలువడిన హోప్ పరీక్షలో విటమిను-ఇ గుండెజబ్బును తగ్గింపలేదు.

ఉసిరిక తినుట మంచిదే. కాని అది ఇన్సులినునకు బదులు కాదు. 13 నుండి 39 ఏండ్ల వయసుగల 1,441 మంది టైప్-1 రోగులపై జరిపి 1993లో ప్రకటించిన అమెరికా పరీక్షలో, ఇన్సులినుచే చక్కెరను గట్టిగా అదుపుచేసినవారిలో, మొదట కంటిజబ్బు లేనివారికి అది వచ్చు ముప్పు 76 శాతము తగ్గెను. సూపరాక్సైడు పుట్టుకనే అరికట్టు ఇన్సులినును మించిన యాంటీఆక్సిడెంటు ఇట్టి బాలురకు లేదు. అట్లుండగా, చక్కెరను పరీక్షించు పట్టీలు కొనుటకే చాలని సొమ్మును రంగురంగుల మాత్రల సీసాలకు వెచ్చింపజేయు ప్రకటనలు మన బజారుల నిండ నుండుట మిక్కిలి విచారకరము.