ముందుచూపు, దిద్దుబాటు

విజయవాడవద్ద కృష్ణానదిపై 1855లో పూర్తియైన ఆనకట్టకు 1952లో గండి పడెను. 1954లో దానికి బదులుగా ప్రారంభింపబడిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తియయ్యెను. 70 తలుపులు గల యట్టి కట్టడమునకు కొలతలన్నియు ముందే నిర్ణయింపవలెను. స్తంభము లేచిన పిదప దానిని జరుపుట సాధ్యము కాదు. కాని ఆ నీటితో పైరు పెంచు రైతు ప్రతిదినము పొలము చూచి, అవసరమును బట్టి నీరు పెట్టును, తీసివేయును.

కంప్యూటరును నడపు ఆదేశముల సముదాయమగు సాఫ్ట్‌వేరును నిర్మించుటయందును ఇట్టి రెండు మార్గములు కలవు. అవసరముల నిర్ణయము, రూపకల్పన, రచన, పరీక్ష అను దశలను వరుసగా ముగించుట వాటర్‌ఫాల్ పద్ధతి. వాటర్‌ఫాల్ అనగా జలపాతము. పడిన నీరు వెనుకకు మరలదు. ఇందు వ్యయమును, గడువును ముందుగా అంచనా వేయవచ్చును. కాని తప్పు తుదిపరీక్షలో బయటపడినచో దిద్దుట మిక్కిలి కష్టము. ఈ అపాయమును 1970లోనే విన్‌స్టన్ రాయిస్ సూచించెను.

2001లో అమెరికాలోని యూటా రాష్ట్రమున 17 మంది నిపుణులు సమావేశమై ఎజైల్ ప్రకటనను రచించిరి. కొంత నిర్మించి, వాడువారికి చూపి, వారి మాట విని సవరించుకొనుట ఈ పద్ధతి. ఇందు తప్పు త్వరగా తెలియును. కాని పని ఎన్నడు ముగియునో ముందుగా చెప్పుట కష్టము.

ఈ రెండింటిలో ఏది మేలు? విమానమును నడపు సాఫ్ట్‌వేరులో పొరపాటు ప్రాణములు తీయును. అచ్చట ముందుచూపు, కఠిన పరీక్ష తప్పవు. దుకాణపు లెక్కలలోని పొరపాటును మరునాడు దిద్దవచ్చును. కావున తప్పునకు చెల్లింపవలసిన వెల నెరిగి పద్ధతిని ఎన్నుకొనుట వివేకము. బ్యారేజి లేనిదే పొలమునకు నీరు రాదు. రైతు జాగరూకత లేనిదే పంట పండదు.