తెల్లవారని పొద్దులు.. ఆరని బట్టలు

ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. భోజనం ముగించిన అమ్మ ఇంగ్లండులో చదువుకుంటున్న కొడుక్కి ఫోన్ కలుపుతుంది. 'ఏరా, ఇంకా లేవలేదా?' అంటే, 'ఇంకా తెల్లారలేదమ్మా' అని జవాబు. బద్ధకమనుకుంటే పొరపాటే. డిసెంబరులో అక్కడ ఉదయం ఏడున్నరకు మసక చీకటే. బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం.. ఏ ఊరి తెలుగింటి నుంచి వెళ్లినా ఇంగ్లండు చలికాలం నేర్పే తొలి పాఠం ఇదే. చలి గురించి అందరూ చెప్పి పంపుతారు, స్వెట్టర్లూ కొనిస్తారు. చీకటి గురించి, చెమ్మ గురించి చెప్పేవారే తక్కువ. నిజానికి అక్కడ మనిషిని సతాయించేవి ఆ రెండే.

గంట వెనక్కి

అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు దేశమంతా గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మన సమయానికీ వాళ్ల సమయానికీ నాలుగున్నర గంటలున్న తేడా ఆ రోజు నుంచి ఐదున్నర గంటలవుతుంది. పిల్లల ఫోన్ గంట ఆలస్యమైందని ఇక్కడ కంగారు పడేది అందుకే. పగటి వెలుగు వృథా కాకూడదని విలియం విలెట్ అనే బిల్డరు 1907లో చేసిన ప్రచారమే ఈ పద్ధతికి నాంది. ఆయన 1915లో చనిపోతే, మరుసటి ఏడాది అది అమల్లోకొచ్చింది.

డిసెంబరు 21 ప్రాంతంలో లండన్‌లో సూర్యుడు ఉదయం 8 దాటాక వచ్చి, సాయంత్రం 4 కాకముందే వెళ్లిపోతాడు. పగలు 8 గంటలు కూడా ఉండదు. ఉత్తరాన న్యూకాజిల్‌లో ఇంకా తక్కువ. ఆ కాస్త పొద్దు కూడా చాలా రోజులు మబ్బు చాటునే. ఆఫీసుకు చీకట్లో వెళ్లి చీకట్లో ఇల్లు చేరేవారికి వెలుగు దొరికేది శని, ఆదివారాల్లోనే.

మంచు ఒక్కటే.. తీరులు నాలుగు

కోరాపుట్, హోసూరు వైపు వారికి డిసెంబరు మంచు కొత్త కాదు. అయితే మనం పొగమంచునూ, గడ్డిపై పేరిన మంచునూ, ఆకాశం నుంచి రాలేదాన్నీ, గడ్డకట్టిన దాన్నీ మంచు అనే అంటాం. ఇంగ్లండులో వీటి తేడా తెలియకపోతే కాలు విరిగినట్లే. రాలే మంచు అయిన 'స్నో' చూడముచ్చటగా ఉంటుంది. దక్షిణ ఇంగ్లండులో అది ఏడాదికి కొద్దిరోజులే. తెల్లారేసరికి గడ్డిమీద, కారు అద్దాలమీద తెల్లగా పేరేది 'ఫ్రాస్ట్'. దాన్ని గీకడానికి ప్లాస్టిక్ స్క్రేపర్ ఉంటుంది. తొందరపడి వేడినీళ్లు పోస్తే అద్దం పగులుతుంది. అన్నింటికన్నా ప్రమాదం 'బ్లాక్ ఐస్'. రోడ్డు తడిగా ఉందనిపిస్తుంది, అడుగు వేస్తే జారుతుంది. అందుకే రాత్రివేళ లారీలు రోడ్లపై ఉప్పు చల్లుతూ తిరుగుతాయి. చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనుల్లో ఆ ఉప్పును తవ్వి తీస్తారు.

అంకెల్లో చూస్తే చలి మరీ ఎక్కువేం కాదు. అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం, పడమటి గాలుల పుణ్యమా అని జనవరిలో లండన్ పగటి ఉష్ణోగ్రత సగటున 8 డిగ్రీల దగ్గర ఉంటుంది. 1962-63లో మాత్రం నెలల తరబడి గడ్డకట్టి, హెర్న్ బే దగ్గర సముద్రం అంచు కూడా పేరుకుపోయింది. అలాంటివి అరుదు. రోజువారీ బాధంతా ఆ 8 డిగ్రీలకు తోడయ్యే సన్నజల్లు, ఈదురుగాలి.

గోడ మీద నల్లమచ్చ

అసలు ముప్పు ఇంటిలోపలే. ఎండ ఉండదు గనుక ఉతికిన బట్టలు గదిలోనే ఆరేస్తారు. అన్నం, పప్పు, పులుసు.. కుక్కర్ ఆవిరంతా ఇంట్లోనే. చలి వస్తుందని కిటికీ తెరవరు, బిల్లుకు భయపడి హీటర్ వేయరు. నలుగురు ఉండాల్సిన ఇంట్లో ఆరుగురు సర్దుకుంటే చెప్పేదేముంది? ఆ చెమ్మంతా చల్లని గోడకు పట్టి, పది రోజుల్లో నల్లని బూజు మొదలవుతుంది.

ఇది గోడ అందం సంగతి కాదు, ఊపిరి సంగతి. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు చనిపోయాడు. ఫ్లాట్‌లోని బూజును చాలాకాలం పీల్చడమే కారణమని 2022లో విచారణ తేల్చింది. ఆ బాబు పేరుతోనే వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అమలవుతోంది. కౌన్సిళ్లు, హౌసింగ్ అసోసియేషన్లు అద్దెకిచ్చిన ఇళ్లలో అత్యవసర ప్రమాదం ఉందంటే 24 గంటల్లో చర్య తీసుకోవాల్సిందే. విద్యార్థులు ఎక్కువగా ఉండే ప్రైవేటు అద్దె ఇళ్లు మాత్రం తొలి విడతలో లేవు. కాబట్టి జాగ్రత్త మనదే. వంటింట్లో, స్నానాల గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం, గిన్నెలపై మూత పెట్టడం, రోజూ కాసేపు కిటికీ తీయడం, మచ్చ కనబడగానే ఫొటో తీసి యజమానికి రాతపూర్వకంగా తెలపడం మరవొద్దు.

వెచ్చదనానికీ లెక్క

ఇల్లు కనీసం 18 డిగ్రీలుండాలని వైద్యులు చెబుతారు. 2022లో గ్యాసు, కరెంటు ధరలు భగ్గుమన్నాక ఆ మాట చాలామందికి భారమైంది. తిండికా, హీటర్‌కా అన్న ప్రశ్న ఎదురైంది. లైబ్రరీలు, చర్చిలు తలుపులు తెరిచి ఎవరైనా వచ్చి వెచ్చగా కూర్చోవచ్చన్నాయి. పెన్షనర్లకు 1997 నుంచి ఇస్తున్న చలికాలపు ఇంధన సాయాన్ని 2024లో పేదలకే పరిమితం చేస్తే గొడవైంది. 2025లో ఏటా 35 వేల పౌండ్ల వరకు ఆదాయం ఉన్న పెన్షనర్లందరికీ దాన్ని పునరుద్ధరించారు. మన పిల్లలు మాత్రం వేడినీళ్ల రబ్బరు సంచి ఒడిలో పెట్టుకుని చదివేస్తుంటారు.

ఆ ఒక్కరోజు అంతా బంద్

డిసెంబరు 25న రైళ్లుండవు, లండన్‌లో బస్సులూ తిరగవు. 280 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు ఆ రోజు తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. పాలు, బియ్యం ముందే తెచ్చుకోనివారు పస్తు ఉండాల్సిందే. హాస్టళ్లు ఖాళీ అయ్యి, మనవాళ్లు ఒంటరిగా మిగిలేదీ అప్పుడే. ఇంటి నుంచి ఫోన్ తప్పనిసరిగా వెళ్లాల్సిన రోజు అది.

అక్టోబరు నుంచి మార్చి మొదటిదాకా అక్కడి ఎండతో ఒంటికి కావలసినంత విటమిన్ డి తయారు కాదు. అందరూ రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర గురించి ఆలోచించాలని, దక్షిణాసియా వారు ఏడాది పొడవునా వేసుకోవడం మేలని ప్రభుత్వమే సలహా ఇస్తోంది. మధ్యాహ్నం అరగంట వెలుగులో నడిస్తే మనసు కూడా తేలికవుతుంది.

జనవరి చివరికల్లా చెట్ల కింద తెల్లని స్నోడ్రాప్ పూలు తలెత్తుతాయి. మార్చి చివరి ఆదివారం గడియారం మళ్లీ గంట ముందుకు జరుగుతుంది. ఆ తర్వాత ఒంటిగంటకు అమ్మ ఫోన్ చేస్తే కొడుకు చెప్పే మాట కూడా మారుతుంది. 'ఎండొచ్చిందమ్మా, బట్టలు బయటే ఆరేశా!'