ఇద్దరు పిల్లల నిబంధన: రద్దయినా తీరని బాకీ

ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో రద్దు చేసింది. మరుసటి ఏడాది తెలంగాణ ప్రభుత్వమూ అదే దారి పట్టింది. ఇది ఆహ్వానించదగిన నిర్ణయమే. కానీ రద్దుకు ముందుకు తెచ్చిన ప్రధాన కారణం జననాల రేటు తగ్గడం, వృద్ధుల సంఖ్య పెరగడం. మూడు దశాబ్దాల పాటు ఈ నిబంధన ఎవరి నోరు నొక్కిందన్న ప్రశ్న వెనక్కి పోయింది.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, దళితులకు, ఆదివాసీలకు, మహిళలకు పంచాయతీల్లో రిజర్వేషన్లు కల్పించింది. దానికి అనుగుణంగా వచ్చిన 1994 నాటి రాష్ట్ర చట్టమే ఇద్దరు పిల్లల షరతునూ విధించింది. ఒక చేత్తో తెరిచిన తలుపును మరో చేత్తో మూయడమంటే ఇదే. శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు లేని షరతు వార్డు సభ్యురాలికి ఎందుకు? చట్టాలు చేసేవారికి వర్తించని నీతిని గ్రామంలోని పేదలకు మాత్రమే వర్తింపజేశారు. హర్యానాలోని ఇటువంటి నిబంధనను 2003లో జావేద్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఎన్నికల్లో పోటీ చేయడం ప్రాథమిక హక్కు కాదన్నది. న్యాయస్థానంలో నెగ్గినంత మాత్రాన నిబంధన సామాజిక న్యాయం కాజాలదు.

చదువు, వైద్యం, వివాహ వయసు కులాన్ని బట్టి మారే సమాజంలో సంతాన సంఖ్య కేవలం వ్యక్తి ఇష్టం కాదు. బిడ్డలు బతుకుతారన్న భరోసా లేనిచోట మరో బిడ్డను కంటారు. కొడుకు పుట్టేదాకా కనమని ఒత్తిడి చేసేది భర్త, అత్తింటివారు. అనర్హత వేటు పడేది ఆమెపైన. ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో ఈ నిబంధన ఫలితాలను నిర్మలా బుచ్ అధ్యయనం చేశారు. అనర్హులైనవారిలో అత్యధికులు ఎస్సీ, ఎస్టీ, బీసీలేనని తేల్చారు. పదవి కోసం భార్యలను వదిలేయడం, గర్భస్రావాలు, బిడ్డలను దత్తత ఇవ్వడం వంటి దుష్పరిణామాలను వెలుగులోకి తెచ్చారు.

కుటుంబ నియంత్రణ భారమూ స్త్రీలదే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది శస్త్రచికిత్స చేయించుకున్నవారే. పురుషుల శస్త్రచికిత్సల వాటా ఒక శాతం కూడా లేదు. సంతాన సాఫల్య రేటు 1.7కు తగ్గిందంటే దాని వెనుక ఈ శరీరాల మూల్యం ఉంది.

ఇప్పుడు గాలి మళ్లింది. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారికే పోటీ చేసే అర్హత కల్పించే ఆలోచనను 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వెల్లడించారు. నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాదికి సీట్లు తగ్గుతాయన్న ఆందోళన సమంజసమే. అయితే ఆ లెక్క సరిచేసే బాధ్యతను పేద స్త్రీ గర్భంపై మోపరాదు. నిన్న వద్దన్న రాజ్యమే నేడు కనమంటోంది. మారింది సంఖ్యే గాని పెత్తనం కాదు.

ఈ నిబంధన కింద పదవులు కోల్పోయినవారెందరో, వారి కులమేమిటో, స్త్రీలెందరో రెండు ప్రభుత్వాలూ శ్వేతపత్రం ద్వారా ప్రకటించాలి. పిల్లల సంఖ్య ఎక్కువైనా తక్కువైనా ప్రజాప్రాతినిధ్యానికి కొలమానం కారాదని చట్టంలోనే రాయాలి. అప్పుడే ఈ రద్దు జనాభా లెక్కల సర్దుబాటుగా మిగిలిపోకుండా హక్కుగా నిలుస్తుంది.