ఐటీ ఉద్యోగుల సంఘం ఎవరి నుంచి మొదలవ్వాలి?

ఐటీ ఉద్యోగులకు సంఘం ఎందుకు అనే ప్రశ్న ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఏసీ గది, క్యాబ్, మంచి జీతం ఉన్నవాళ్లు కార్మికులెలా అవుతారని అడుగుతారు. జవాబు హెచ్ఆర్ గదిలో దొరుకుతుంది. ‘సాయంత్రంలోగా రాజీనామా పెట్టు, లేకపోతే రిలీవింగ్ లెటర్ పాడవుతుంది’ అన్నప్పుడు ఆ ఉద్యోగి పక్కన ఎవరూ ఉండరు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. అంత పెద్ద సంఖ్యలో కూడా ప్రతి ఒక్కరూ ఒంటరిగానే ఆ గదిలోకి వెళ్లాలి.

ఆ ఒంటరితనం అందరికీ ఒకేలా ఉండదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఎందరో దళిత, బహుజన యువతీయువకులు ఇంజినీర్లయ్యారు. చాలా ఇళ్లలో వాళ్లే మొదటి నెలజీతగాళ్లు. ఉద్యోగం పోతే ఆదుకునే ఆస్తి లేదు, వేరే కంపెనీలో పెట్టించే బంధువు లేడు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు. కాబట్టి సంఘం అవసరం ఎవరికి ఎక్కువో, సంఘం వాళ్ల నుంచే మొదలవ్వాలన్నది మా వాదన.

చట్టం అడ్డు కాదు

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏడుగురు కలిసి యూనియన్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఆ సంస్థలో లేదా పరిశ్రమలో పనిచేసేవాళ్లలో పది శాతం గానీ, వంద మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. సాంకేతిక పని చేసేవాళ్లు కార్మికుల నిర్వచనంలో ఉన్నారు. మేనేజర్లు, నెలకు 18 వేలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు ఉండరు. అంటే కోడ్ రాసే మనిషి జీతం ఎంతన్నది కాదు, చేసే పని ఏమిటన్నదే ముఖ్యం. కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల యూనియన్ కీటు 2017 నుంచే రిజిస్టరై పనిచేస్తోంది. 2024లో రోజుకు 14 గంటల పని ప్రతిపాదన వచ్చినప్పుడు వీధిలోకి వచ్చింది.

సభ్యులు ఎలా పెరుగుతారు?

ఉపన్యాసాలకు వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టి వెళ్తారు. ఆపదలో పక్కన నిలబడితే సభ్యులవుతారు. అందుకే మొదటి పని సహాయం. కొత్తగా వచ్చినవాళ్లకు మూడు మాటలు నేర్పాలి: ఒత్తిడి చేస్తే రాజీనామాపై సంతకం పెట్టొద్దు, జరిగింది వెంటనే ఈమెయిల్‌లో రాసి పంపాలి, ఆఫర్ లెటర్, పే స్లిప్పుల కాపీలు సొంతంగా దాచుకోవాలి. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ని తొలగిస్తే నెల నోటీసు, సర్వీసులో ప్రతి ఏడాదికి పదిహేను రోజుల వేతనం పరిహారంగా ఇవ్వాలి. ‘నేనే మానేశాను’ అని రాసిచ్చిన కాగితం ఆ హక్కుకు గండి కొడుతుంది. కార్మిక శాఖకు ఫిర్యాదు రాసిపెట్టి, విచారణ రోజు తోడు వెళ్లినవాళ్లను ఆ మనిషి మరచిపోడు. మర్నాడు ఇంకో ఇద్దరిని తీసుకొస్తాడు.

రెండోది పని పంపకం. వేలమంది ఉన్న వాట్సాప్ గ్రూపును ఐదుగురే మోస్తుంటే ఆర్నెల్లలో ఆ ఐదుగురూ అలసిపోతారు. షిఫ్టు ఉద్యోగం చేస్తూ రాత్రి పన్నెండుకు ఫోన్ ఎత్తడం ఎంతకాలం సాగుతుంది? ఫిర్యాదులు, లెక్కలు, ప్రచారం వేర్వేరు మనుషుల దగ్గర ఉండాలి. పదవులు ఏడాదికోసారి మారాలి. చందా కొద్దిగానైనా అందరూ కట్టాలి, లెక్క సభలో చదవాలి. సంఘం పనికి కంపెనీ లాప్‌టాప్ వాడకూడదు. 2021 జనవరిలో రెండు వందల పైచిలుకు సభ్యులతో మొదలైన అల్ఫాబెట్ వర్కర్స్ యూనియన్ గూగుల్ సొంత ఉద్యోగులతో పాటు కాంట్రాక్టు సిబ్బందినీ చేర్చుకుంది, ఆదాయంలో ఒక శాతం చందాగా పెట్టింది. ఇక్కడా కాంట్రాక్టు టెస్టర్లను, బెంచ్ మీది ఫ్రెషర్లను, అమీర్‌పేట హాస్టళ్లలో కోర్సులు చేస్తున్నవాళ్లను బయట ఉంచితే సంఘం సీనియర్ల క్లబ్బుగా మిగులుతుంది.

నేత శాఖ ప్రశ్న

బొంబాయి బట్టల మిల్లుల్లో ఎక్కువ కూలి దొరికేది నేత శాఖలో. అక్కడ దారాన్ని నోటితో అందుకోవాలి. ఎంగిలి తగులుతుందని సవర్ణ కార్మికులు అంటరానివారిని ఆ శాఖలోకి రానివ్వలేదు. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ ప్రశ్నను యూనియన్ నాయకుల ముందు పెట్టారు. పదేళ్ల తర్వాత 1938లో మన్మాడ్ రైల్వే దళిత కార్మికుల సభలో, బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుల శత్రువులేనని చెప్పారు.

నేటి నేత శాఖ ఏది? క్లయింట్‌తో మాట్లాడే ప్రాజెక్టు, ఆన్‌సైట్ అవకాశం, అప్రైజల్ రేటింగ్, రెఫరల్‌తో దొరికే ఉద్యోగం. అక్కడికి దారి వేసేది పరిచయాలు, పరిచయాల వెనుక కులం. ఇంటిపేరు అడుగుతారు, ఎంసెట్ ర్యాంకు అడుగుతారు, టిఫిన్ బాక్సులోకి తొంగిచూస్తారు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ సిస్కోపై వేసిన దావాలో, ఒక దళిత ఇంజినీరు ఐఐటీలో రిజర్వేషన్ సీటుతో చదివాడని సహోద్యోగులకు చెప్పారన్నది ఒక ఆరోపణ. కంపెనీ వివక్షను ఖండించింది. ఇద్దరు మేనేజర్లపై కేసును 2023లో ఉపసంహరించుకున్నారు. అయినా కులం కూడా పని పరిస్థితుల్లో భాగమేనన్న చర్చ ఆగలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది.

ఇక్కడ కంపెనీల్లో లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం కమిటీ తప్పనిసరి. కులవివక్షపై అలాంటి కమిటీ లేదు. అయితే కొత్త కోడ్ ప్రకారం ఇరవై మంది, అంతకుమించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమానంగా ఉండాలి, మహిళలకు తగిన స్థానం ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీల ప్రస్తావన లేదు. ఆ కమిటీలో దళిత, ఆదివాసీ ప్రతినిధి ఉండాలనీ, కులవివక్షను ఫిర్యాదుగా తీసుకోవాలనీ అడగడం ఏ సంఘమైనా మొదటి ఏడాదిలోనే చేయగల పని.

అలా అడిగే సంఘం ముందు తన లోపలికి చూసుకోవాలి. వేదిక మీద ఎవరు, కరపత్రాలు పంచేది ఎవరు? హెచ్ఆర్‌తో చర్చకు వెళ్లేది ఎప్పుడూ ధారాళంగా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లేనా? మినిట్స్ తెలుగులో రాస్తున్నారా? ‘ముందు అందరం ఒకటవుదాం, కులం తర్వాత’ అన్న మాట మిల్లు కార్మికులు వందేళ్ల కిందటే విన్నారు. ఆ ‘తర్వాత’ ఇంకా రాలేదు. కాబట్టి ఏడుగురు కూర్చునే మొదటి సమావేశం ఎజెండాలోనే కులం ఉండాలి.