పాత మాటలు – కొత్త వరసలు

గుడి మైకులో అన్నమయ్య పాట వినిపిస్తుంది. పెళ్ళి ఇంట్లో వినిపిస్తుంది. రేడియోలో వినిపిస్తుంది. ఈ పాటలు ఎవరివి అని అడిగితే అందరూ ఒకటే చెబుతారు, "అన్నమయ్యవి" అని.

అది నిజమే. కాని సగం నిజం. పాటలోని మాటలు అన్నమయ్యవి. వాటి వయసు ఐదు వందల ఏళ్ళ పైమాటే. మనం వింటున్న వరసలు మాత్రం చాలావరకు ఆయన కట్టినవి కావు. అవి వందేళ్ళు కూడా నిండని కొత్త వరసలు.

మాటలు ఒకరివి, వరస మరొకరిది. ఎందుకిలా జరిగింది?

రాగి రేకుల మీద పాటలు

అన్నమయ్య 1408లో పుట్టాడు. 1503లో చనిపోయాడు. ఆయన ఊరు తాళ్ళపాక. అది రాజంపేట దగ్గర ఉంది. ఆయన 32 వేల పాటలు కట్టాడని చెప్పుకుంటారు. ఆయన భార్య తిమ్మక్క కూడా చదువుకున్న మనిషే. ఆమె 'సుభద్రా కళ్యాణం' అనే కావ్యం రాసింది. తెలుగులో తొలి కవయిత్రి ఆమే అని చాలామంది పండితులు అంటారు.

అన్నమయ్య కొడుకు పెదతిరుమలయ్య తండ్రి పాటలను రాగి రేకుల మీద చెక్కించాడు. తాటాకు అయితే చెదలు తింటాయి. రాగికి చెదలు పట్టవు. ఆ రేకులను తిరుమల గుడిలో ఒక అరలో పెట్టారు. తరాలు గడిచాయి. వాటి సంగతే జనం మరిచిపోయారు. మళ్ళీ 1922 ప్రాంతంలో అవి లోకానికి తెలిశాయి. పన్నెండు వేలకు పైగా పాటలు దొరికాయి.

మాటలు దొరికాయి, వరస పోయింది

రేకు మీద పాట ఉంది. పాట పైన రాగం పేరు ఉంది. అంతే. స్వరాలు రాసి లేవు. ఎలా పాడాలో తెలిసినవాళ్ళు ఎప్పుడో పోయారు.

రాగం పేరు ఉంటే చాలదా? చాలదు. పులుసు అని పేరు చెబితే చింతపండు వెయ్యాలని తెలుస్తుంది. ఎంత వెయ్యాలి, ఎప్పుడు దించాలి అన్నది వండిన చేతికే తెలుసు. రాగం పేరు కూడా అంతే. ఏ స్వరాలు వాడాలో చెబుతుంది. ఏ మాట దగ్గర గొంతు ఎత్తాలో, ఎక్కడ దించాలో చెప్పదు. పైగా ఆనాటి రాగాల్లో కొన్ని ఇప్పుడు వాడుకలోనే లేవు.

కాబట్టి పాటకు వరస కొత్తగా కట్టాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

చెయ్యి చెయ్యి కలిస్తేనే

మొదట పండితులు కూర్చున్నారు. పాత అక్షరాలు చదివారు. పాత మాటలకు అర్థం చెప్పారు. వేటూరి ప్రభాకరశాస్త్రి ఈ పాటలను అచ్చు వేయించడానికి ఎంతో పాటుపడ్డారు. ఆ తరవాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఆ పని అందుకున్నారు. ఆయనకు తెలుగూ వచ్చు, సంగీతమూ వచ్చు. వందకు పైగా పాటలకు ఆయన వరసలు కట్టారు. స్వరాలు కూడా రాసి అచ్చు వేయించారు. ఈసారి వరస కూడా కాగితం మీదికి ఎక్కింది.

1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును మొదలుపెట్టింది. చాలామంది విద్వాంసులు కలిసి పనిచేశారు. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ 1978లోనే అందులో చేరారు. ఆరు వందలకు పైగా పాటలకు వరసలు కట్టి, తానే పాడి, ఊరూరా వినిపించారు. 2025లో ఆయన చనిపోయారు.

వరస ఎలా కడతారు?

ముందు పాటను మామూలుగా చదువుకుంటారు. ఇది జోలపాటా? వేడుకోలా? వేళాకోళమా? అర్థం తెలిస్తేనే రాగం కుదురుతుంది.

తరవాత ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూస్తారు. 'మామిడిపండు' అనే మాటను 'మామి' దగ్గర ఆపితే ఏమవుతుంది? అర్థం విరిగిపోతుంది. పాటలో కూడా మాట విరగకూడదు.

ఆ తరవాత చేత్తో తాళం వేస్తూ పాడి చూస్తారు. నడక కుదరకపోతే మారుస్తారు. కుదిరాక స్వరాలు రాసుకుంటారు. పాడేవాళ్ళకు నేర్పుతారు.

'నానాటి బ్రతుకు' అనే పాట చాలామంది వినే ఉంటారు. మనిషి బతుకు ఎంత నిలకడ లేనిదో చెప్పే పాట అది. దానికి ఈనాటి వరస కట్టింది నేదునూరి కృష్ణమూర్తి. రేవతి అనే రాగంలో కట్టారు. ఆ రాగంలో ఉండేవి ఐదు స్వరాలే. వింటుంటే మనసు నెమ్మదిస్తుంది. ఆ పాటకు కావలసింది అదే.

అరవై దాటాక నేర్చుకున్న గాయని

ఈ పాటలను దేశమంతా వినిపించిన గాయని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి. 1916లో మదురైలో పుట్టారు. ఆమె ఇంటి భాష తమిళం. 1980 ప్రాంతంలో 'బాలాజీ పంచరత్నమాల' అనే రికార్డులు తీసుకొచ్చారు. వాటి కోసం నేదునూరి ఆమెకు అన్నమయ్య పాటలు నేర్పారు. అప్పటికే ఆమె పేరు దేశమంతా తెలుసు. వయసు అరవై దాటింది. అయినా కొత్త పాటలు కూర్చుని నేర్చుకున్నారు. తన భాష కాని భాషలో, ప్రతి మాటా స్పష్టంగా పలికారు. నేర్చుకోవడానికి వయసు అడ్డం కాదు.

కచేరీలో గాయని ఒక్కతే ఉండదు. వెనక తంబూరా శ్రుతి నిలబెడుతుంది. ఫిడేలు గొంతు వెంటే నడుస్తుంది. మృదంగం తాళం తప్పకుండా కాస్తుంది. ఎవరు గట్టిపడినా పాట చెడుతుంది. ఒకరి పని ఒకరు విని చేయాలి. నాట్లు వేసేటప్పుడు ఒకరు పాట అందిస్తే మిగతావాళ్ళు అందుకున్నట్టే.

చీర బాగుంటే ఏ కొట్లో కొన్నావు అని అడుగుతాం. నేసిందెవరు అని అడగం. పాట సంగతీ అంతే. వరస కట్టినవాళ్ళ పేరు చాలాసార్లు ఎవరూ చెప్పరు. చెప్పడం న్యాయం.

మన ఇంటి పాటల మాటేమిటి?

ఉయ్యాల పాట, నాట్ల పాట, పెళ్ళి పాట, బతుకమ్మ పాట. వీటిలో చాలావాటికి రాగి రేకులు లేవు. అవ్వ నోటి నుంచి అమ్మ నోటికి, అమ్మ నోటి నుంచి కూతురి నోటికి వచ్చాయి. ఒక్క తరం పాడడం మానేస్తే మాటా పోతుంది, వరసా పోతుంది.

రాగి రేకులు మాటలను కాపాడాయి. వరసను కాపాడలేకపోయాయి. అందుకని రెండు పనులూ చెయ్యాలి. మాటలను నోటు పుస్తకంలో రాయాలి. వరసను ఇంకొకరికి నేర్పాలి. సెల్‌ఫోన్ ఉంటే అందులో పట్టి ఉంచాలి. ఇప్పుడు రాయడం మీకు వచ్చు కదా.

చేసి చూడండి

1. మీ ఇంట్లో పెద్దామె పాడే పాట ఒకటి అడిగి రాసుకోండి.
2. ఆమె పేరు, ఊరు పాట కింద రాయండి.
3. ఆమెకు ఆ పాట ఎవరు నేర్పారో అడగండి. ఆ పేరు కూడా రాయండి.
4. ఒకే పాటను మీ ఊళ్ళో ఇద్దరు వేరే వరసల్లో పాడుతున్నారా? ఇద్దరి దగ్గరా వినండి.